జింకు పొగ నుంచి జింకు పువ్వు దాకా



జీఐ పైపులకు వెల్డింగ్ చేసేవాళ్లకు ఒక జ్వరం పరిచయం. గాలి ఆడని షెడ్డులో పగలంతా గేటో గ్రిల్లో అతికించి ఇంటికి చేరిన కొన్ని గంటలకు నోట్లో లోహపు రుచి, ఆగని దాహం, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. ఆ వెనకే చలి, జ్వరం. ఒకటి రెండు రోజుల్లో మందులతో పని లేకుండానే తగ్గిపోతుంది. రోజూ అదే పొగ పీలుస్తుంటే ఒళ్లు కాస్త అలవాటుపడుతుంది. ఒక్క ఆదివారం సెలవు వస్తే చాలు, ఆ అలవాటు పోయి సోమవారం మళ్లీ చలిజ్వరం. అందుకే పాశ్చాత్య దేశాల కర్మాగారాల్లో దీన్ని సోమవారం జ్వరమనేవారు. వైద్యులు మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. హైదరాబాదులో ఇలాంటి పనికి నెలవైన చోట్లలో సనత్‌నగర్ పారిశ్రామికవాడ, దాన్ని ఆనుకున్న బాలానగర్ ముఖ్యమైనవి. షీట్ మెటల్, ఫ్యాబ్రికేషన్, లేత్ పనులు తరాల తరబడి అక్కడ సాగుతున్నాయి.

ఈ జ్వరానికి మూలం ఇనుము కాదు, దాని పైపూత. తుప్పు పట్టకుండా ఇనుముకు జింకు పూత వేస్తారు, జీఐ పైపు అంటే అలా పూత వేసినదే. జింకును మన పెద్దలు తుత్తునాగం అన్నారు. అది 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. ఉక్కు కరగాలంటే దాదాపు 1500 డిగ్రీలు కావాలి. కాబట్టి ఇనుము కరిగేలోపే పైనున్న జింకు ఆవిరై గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జింక్ ఆక్సైడ్ అవుతుంది. వెల్డింగ్ దగ్గర లేచే తెల్లపొగలో ప్రధానంగా ఉండేది అదే. ఆ పొగలోని రేణువులను విడివిడిగా చూస్తే చాలావరకు 100 నానోమీటర్లకన్నా చిన్నవి, అంటే నానో రేణువులే. నానోటెక్నాలజీ అనే మాటను జపాన్ శాస్త్రవేత్త నోరియో తానిగుచి వాడింది 1974లో. వెల్డర్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే నానో రేణువులు పీలుస్తున్నారు.

ఇదే జింక్ ఆక్సైడ్‌కు మరో ముఖం ఉంది. చెమటకాయలకు రాసే గులాబీరంగు కాలమైన్ లోషన్‌లో ఉండేది ఇదే. పసిపిల్లలకు ఒరుసుకున్న చోట రాసే తెల్ల క్రీములోనూ ఇదే. టైరు రబ్బరు గట్టిపడటానికి ఇది తప్పనిసరి. పంజాగుట్ట మాల్స్‌లో అమ్మే సన్‌స్క్రీన్ ట్యూబుల వెనక పదార్థాల జాబితాలో దీని పేరు తరచు కనిపిస్తుంది. చర్మాన్ని చల్లబరిచే పదార్థం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి చలిజ్వరం ఎందుకు తెప్పిస్తుంది? ఎంత మోతాదు, ఏ దారిన లోపలికి వెళ్లింది అన్నవి జవాబులో ఒక భాగం. మిగతా భాగం రేణువు సైజులో, ఆకారంలో ఉంది.

సైజు సంగతి ముందు చూద్దాం. ఒక మిల్లీమీటరులో పది లక్షల నానోమీటర్లు. మనిషి ఎర్రరక్తకణం అడ్డంగా ఏడెనిమిది వేల నానోమీటర్లు. శరీరంలోని మామూలు కణాలు పది వేల నుంచి ఇరవై వేల దాకా ఉంటాయి. 20 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ రేణువులు ఎర్రరక్తకణం వ్యాసం పొడవునా వరసగా 350కి పైగా పడతాయి. అమీర్‌పేట పక్కనే బేగంపేటలో ఇప్పటికీ నిలిచి ఉన్న భవనంలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆయన చేతిలోని సూక్ష్మదర్శిని వెలుగుతో పనిచేసేది. అలాంటి పరికరం సుమారు 200 నానోమీటర్లకన్నా దగ్గరగా ఉన్న రెంటిని విడదీసి చూపలేదు. 1930ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాకే ఈ రేణువుల రూపురేఖలు మనిషి కంటికి అందాయి.

చిన్నదైతే ఏమవుతుంది? ఉపరితలం విపరీతంగా పెరుగుతుంది. సెంటీమీటరు భుజమున్న జింక్ ఆక్సైడ్ ఘనం బరువు ఐదున్నర గ్రాముల పైచిలుకు. దాని ఆరు ముఖాల వైశాల్యం ఆరు చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ముక్కలుగా కోస్తే బరువు అంతే, వైశాల్యం మాత్రం 600 చదరపు మీటర్లు. బెల్లం అచ్చు నీళ్లలో వేస్తే మెల్లగా కరుగుతుంది, అదే బెల్లాన్ని తురిమి వేస్తే వెంటనే కరుగుతుంది. జింక్ ఆక్సైడ్‌కూ ఇదే వర్తిస్తుంది. దాని కథలో కీలకమైన మాట కూడా కరగడమే.

కణం తన పొరను లోపలికి మడిచి రేణువును మింగేస్తుంది. మింగినదాన్ని లైసోజోమ్ అనే సంచిలోకి చేరుస్తుంది. ఆ సంచిలో ఆమ్లగుణం ఎక్కువ, పీహెచ్ సుమారు 4.5 నుంచి 5. మామూలు నీళ్లలో అంతగా కరగని జింక్ ఆక్సైడ్ అక్కడ చకచకా కరిగి జింకు అయాన్లను వదులుతుంది. జింకు మనకు శత్రువేమీ కాదు. పెద్దవాళ్ల ఒంట్లో రెండు మూడు గ్రాములు ఉంటుంది. వందలాది ఎంజైములు అది లేకుండా పనిచేయవు. విరేచనాలైన పిల్లలకు ఓఆర్‌ఎస్‌తోపాటు జింకు మాత్రలు ఇస్తున్నది అందుకే. అయితే కణం లోపల స్వేచ్ఛగా తిరిగే జింకు చాలా తక్కువ ఉండాలి. ఎక్కువైనదాన్ని మెటలోథయొనీన్ అనే ప్రొటీన్ పట్టి బంధిస్తుంది. ఆ పట్టుకు మించిన జింకు ఒక్కసారిగా వచ్చి పడితే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు దెబ్బతింటాయి. చురుకైన ఆక్సిజన్ అణువులు పోగవుతాయి. చివరకు కణం చనిపోతుంది.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆండ్రే నెల్ బృందం 2008లో ఈ సంగతిని వివరంగా చూపింది. వాళ్లు జింకు, టైటానియం, సీరియం ఆక్సైడ్ల నానో రేణువులను పక్కపక్కన పెట్టి కణాలపై పరీక్షించారు. కరిగే గుణమున్న జింక్ ఆక్సైడే కణాలను చంపింది. కరగని సీరియం ఆక్సైడ్ కణాలకు రక్షణగా కూడా నిలిచింది. తర్వాత 2010లో జింక్ ఆక్సైడ్ స్ఫటికంలోకి కాస్త ఇనుము చేర్చి కరగడాన్ని నెమ్మదింపజేశారు. విషగుణం తగ్గింది. ఒక ఊహను ఇంత నేరుగా పరీక్షించిన ప్రయోగాలు ఈ రంగంలో తక్కువ.

బ్యాక్టీరియా విషయంలో సైజు ప్రభావం ఇంకా స్పష్టం. పుండ్లలో చీము పట్టించే స్టెఫిలోకాకస్ మీద రకరకాల సైజుల జింక్ ఆక్సైడ్‌ను అమెరికా పరిశోధకులు పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. రేణువు చిన్నదయ్యేకొద్దీ బ్యాక్టీరియా పెరుగుదల ఎక్కువగా అణగింది. సుమారు 12 నానోమీటర్ల రేణువులు అన్నిటికన్నా బలంగా పనిచేశాయి. సూక్ష్మజీవులను ఆపే బట్టలకు, గాయపు కట్లకు జింక్ ఆక్సైడ్ వాడాలన్న ఉత్సాహం ఇలాంటి ఫలితాల నుంచే వచ్చింది.

ఇక్కడితో ఆగితే చిన్నదంతా ప్రమాదకరం, పెద్దదంతా క్షేమం అనిపిస్తుంది. అంత తేలిక లెక్క కాదిది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2007లో మంచినీటి నాచు మీద ఇదే పరీక్ష చేశారు. నానో జింక్ ఆక్సైడ్, మామూలు జింక్ ఆక్సైడ్ పొడి, నీళ్లలో పూర్తిగా కరిగే జింక్ క్లోరైడ్, ఈ మూడింటి విషగుణం దాదాపు సమానంగా తేలింది. నాచును దెబ్బతీసింది కరిగిన జింకే. అదీకాక నానో రేణువులు నీళ్లలో విడివిడిగా తేలుతూ ఉండవు. ఒకదాన్నొకటి అంటుకుని పెద్ద ముద్దలవుతాయి. సీసా మీద 20 నానోమీటర్లని రాసి ఉన్నా నీళ్లలోనో రక్తంలోనో పడ్డాక అది 20గా మిగులుతుందన్న హామీ లేదు. రక్తంలోకి వెళ్తే ప్రొటీన్లు దాని చుట్టూ పొరలా పేరుకుంటాయి. కణానికి తగిలేది ఆ పొర. కాబట్టి తయారీదారు చెప్పే సైజు ఒక్కటే చూసి తీర్పు చెప్పే వ్యాసాన్ని, అది పొగడ్తయినా బెదిరింపైనా, కాస్త అనుమానంగానే చదవాలి.

ఇప్పుడు ఆకారం. జింక్ ఆక్సైడ్ స్ఫటికానికి ఆరు పలకల స్వభావం ఉంది. ఒక కొసన జింకు పరమాణువుల ముఖం, ఎదుటి కొసన ఆక్సిజన్ ముఖం. పక్కలు వేరు. ఏ ముఖం ఎంత వేగంగా పెరుగుతుందన్నది ద్రావణం క్షారగుణాన్ని, వేడిని, కలిపిన ఇతర పదార్థాలను బట్టి మారుతుంది. అందుకే ఒకే ప్రయోగశాలలో ఒకే జింకు లవణం నుంచి గోళీలు, కడ్డీలు, తీగలు, పలుచటి బిళ్లలు, నాలుగు కాళ్ల రూపాలు, పువ్వులు తయారుచేయవచ్చు. పదార్థాల శాస్త్రంలో ఇన్ని రూపాలెత్తే ఆక్సైడ్ మరొకటి దొరకడం కష్టం.

మనిషి ఊపిరితిత్తుల కణాల మీద తైవాన్ పరిశోధకులు 2011లో ప్రచురించిన పనిలో సైజు, ఆకారం రెండూ ఒకేసారి తూకానికి వచ్చాయి. చిన్న రేణువులు పెద్దవాటికన్నా ఎక్కువ హాని చేశాయి. కడ్డీ ఆకారంవి అదే కోవలోని గోళీలకన్నా ఎక్కువ హాని చేశాయి. కడ్డీ కణపు పొరకు తగిలే తీరు వేరు, బయటపడి ఉండే స్ఫటిక ముఖాలు వేరు, కరిగే వేగం వేరు. వీటిలో దేని వాటా ఎంతన్నది తేల్చడం ఇంకా కష్టమైన పనే.

ఆకారం ప్రాణాల మీదికి తెస్తుందనడానికి సనత్‌నగర్ వాసులకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 1940ల్లో ఇక్కడ మొదలైన కర్మాగారం నుంచి వచ్చిన చార్మినార్ సిమెంటు రేకులు తెలుగునాట ఎన్నో ఇళ్లకు, కోళ్లఫారాలకు, బడులకు కప్పయ్యాయి. అలాంటి రేకులకు బలాన్నిచ్చింది ఆస్బెస్టాస్ నార. రసాయనికంగా చూస్తే ఆస్బెస్టాస్ ఒక సిలికేటు, రాతిలో ఉండే పదార్థం లాంటిదే. దాని ప్రమాదం సన్నటి పొడవాటి రూపంలో ఉంది. ఊపిరితిత్తుల్లో చెత్త ఊడ్చే మాక్రోఫేజ్ కణాలు పదిహేను ఇరవై మైక్రాన్లు దాటిన నారను పూర్తిగా మింగలేవు. సగం మింగి, సగం బయటే వదిలి, లోపలి రసాయనాలను చుట్టూ చిమ్ముతాయి. ఏళ్ల తరబడి సాగే ఆ వాపు చివరకు క్యాన్సర్ దాకా వెళ్లగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆస్బెస్టాస్‌ను మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో చేర్చింది.

మరి జింక్ ఆక్సైడ్ కడ్డీలూ అంతేనా? కావు. ఆస్బెస్టాస్ దశాబ్దాలపాటు కరగకుండా కూర్చుంటుంది. జింక్ ఆక్సైడ్ కడ్డీ కరిగిపోతుంది. కరిగేటప్పుడు కొట్టే దెబ్బ కొట్టి, ఆ తర్వాత కనబడకుండా పోతుంది. వెల్డరు జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గడానికి ఈ కరిగే గుణం కూడా ఒక కారణం కావచ్చు. ఆ జ్వరంలో ఊపిరితిత్తుల కణాలు వాపును రెచ్చగొట్టే సైటోకైన్లను విడుదల చేస్తాయని వైద్యులు కొలిచి చూశారు. మోతాదు తగ్గితే కథ మారుతుంది. 2005లో అమెరికాలో పన్నెండుమంది ఆరోగ్యవంతులు ఘనపు మీటరు గాలికి 500 మైక్రోగ్రాముల జింక్ ఆక్సైడ్ ఉన్న గాలిని రెండు గంటలు పీల్చారు. ఒకసారి అతి సన్నటి రేణువులు, మరోసారి కాస్త పెద్దవి. రెంటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, జ్వరమూ రాలేదు. పనిచేసే చోట ఎనిమిది గంటల సగటుకు అమెరికా కార్మిక నిబంధన పెట్టిన హద్దు దానికి పది రెట్లు, అంటే ఐదు మిల్లీగ్రాములు. తలుపులు మూసిన షెడ్డులో, పొగలో తలపెట్టి పనిచేసేవాళ్లు ఆ హద్దును తేలిగ్గా దాటేయగలరు.

వెల్డర్లకు ఒక మాట. అతికించే చోట జింకు పూతను ముందే గ్రైండర్‌తో తీసేస్తే పొగ బాగా తగ్గుతుంది. అప్పుడు కూడా మాస్కు ఉండాలి. పొగను పక్కకు లాగే ఫ్యాను మొహానికి ఎదురుగా కాకుండా పక్క నుంచి పనిచేయాలి. జ్వరం తగ్గకుండా రెండో రోజుకు ఆయాసం పెరిగితే దాన్ని జింకు జ్వరమని వదిలేయకూడదు. క్యాడ్మియం పూతలున్న వస్తువులను, కొన్ని రకాల వెండి టంకాలను వేడిచేసినప్పుడు వచ్చే పొగ మొదట్లో ఇలాగే మొదలై ప్రాణం తీయగలదు. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లకు సనత్‌నగర్ ఆస్పత్రి, లేనివాళ్లకు ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రి అందుబాటులోనే ఉన్నాయి.

చర్మం దగ్గరికి వస్తే భయం చాలావరకు తగ్గుతుంది. సన్‌స్క్రీన్‌లో నానో సైజు ఎందుకంటే సౌందర్యం కోసమే. పెద్ద రేణువులు వెలుగును చెదరగొట్టి మొహాన్ని సున్నం కొట్టినట్టు తెల్లగా చేస్తాయి. చిన్నవి అతినీలలోహిత కిరణాలను ఆపుతూనే కంటికి కనబడవు. ఆస్ట్రేలియాలో బ్రయన్ గల్సన్ బృందం జింకులోని ఒక స్థిర ఐసోటోపును గుర్తుగా పెట్టి సన్‌స్క్రీన్ తయారుచేయించింది. ఇరవైమంది దాన్ని ఐదు రోజులు సముద్రతీరపు ఎండలో రోజుకు రెండుసార్లు రాసుకున్నారు. రక్తంలో ఆ గుర్తు జింకు కనిపించింది, కానీ రాసుకున్నదాంట్లో 0.01 శాతంకన్నా తక్కువ. 2010లో ఇది అచ్చయింది. చర్మం పైపొర నిర్జీవ కణాలతో తయారైనది కాబట్టి అది గట్టి అడ్డుగోడ. యూరప్ దేశాలు క్రీముల్లో 25 శాతం దాకా నానో జింక్ ఆక్సైడ్‌ను అనుమతిస్తూ, ఊపిరితిత్తుల్లోకి పోయే స్ప్రేలను మాత్రం కాదన్నాయి. ఇంతకన్నా వివేకమైన గీత గీయడం కష్టం. పుండు పడ్డ చర్మం మీద, పసిపిల్లల మొహం దగ్గర పౌడరులా చల్లే రూపంలో వాడేవాళ్లు ఆ గీతను గుర్తుపెట్టుకోవాలి.

ఆయుర్వేదంలోని యశద భస్మం కూడా ఈ వరసలోదే. జింకును పదేపదే పుటం పెట్టి కాల్చి చేసే ఈ భస్మాన్ని బొంబాయి ఐఐటీ పరిశోధకులు 2009లో పరీక్షించారు. అందులో నానో సైజు నుంచి మైక్రాన్ సైజు దాకా జింక్ ఆక్సైడ్ రేణువులు ఉన్నాయి, వాటిలో ఆక్సిజన్ పాళ్లు సాధారణ జింక్ ఆక్సైడ్‌కన్నా భిన్నంగా ఉన్నాయి. పాతకాలం వైద్యులకు నానో శాస్త్రం ముందే తెలుసని చెప్పుకోవడానికి ఇది చాలదు. భస్మం తయారీ తీరు మారితే లోపలి రేణువు మారుతుందని మాత్రం చెబుతుంది.

ఇప్పుడు హైదరాబాదు సొంత కథ. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అందరూ ఐఐసీటీ అనేది, నిజాం కాలంలో 1944లో పుట్టింది. అక్కడ చిత్తరంజన్ పాత్ర బృందం చెన్నై సహచరులతో కలిసి 2012లో ఒక విచిత్రమైన ఫలితాన్ని ప్రకటించింది. పువ్వు ఆకారంలో తయారుచేసిన జింక్ ఆక్సైడ్, సరైన మోతాదులో, కొత్త రక్తనాళాలు మొలిచేలా ప్రోత్సహించింది. కోడిగుడ్డు సొన మీద చేసే పరీక్షలో ముదిరిన రక్తనాళాలు కనిపించాయి. రక్తనాళాల లోపొర కణాలను గిన్నెలో పెంచి మధ్యలో గీత గీకితే, ఆ గాయాన్ని పూడ్చడానికి కణాలు వేగంగా కదిలాయి. దీనికి కారణం హైడ్రోజన్ పెరాక్సైడ్ కావచ్చని వాళ్లు సూచించారు. కణాన్ని చంపే చురుకైన ఆక్సిజన్ రూపాల్లో అదీ ఒకటి. ఎక్కువైతే విషం, కొద్దిగా ఉంటే కణానికి సంకేతం. రక్తం అందక పాడైన గుండె కండరానికి, కాళ్లకు భవిష్యత్తులో ఉపయోగపడే దారి ఇది కావచ్చని ఆశ. అదే సమయంలో కొత్త రక్తనాళాలు క్యాన్సర్ గడ్డకూ తిండి మోస్తాయి కాబట్టి ఈ పువ్వును ఆస్పత్రి దాకా తీసుకురావడానికి ముందు చాలా పరీక్షలు కావాలి. పువ్వు రూపమే అసలు కారణమా, సైజూ ఉపరితలమూ ఎంతవరకు తోడయ్యాయి అన్నది, ఒకే మోతాదులో వేర్వేరు రూపాలను పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

మొక్కల సంగతి తిరుపతి నుంచి వచ్చింది. అక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో టి.ఎన్.వి.కె.వి. ప్రసాద్, సహచరులు వేరుశనగ మీద సగటున 25 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్‌ను పరీక్షించి 2012లో ప్రచురించారు. మన నేలల్లో జింకు లోపం మామూలే, వరికి రైతులు ఏళ్లుగా జింక్ సల్ఫేట్ వేస్తూనే ఉన్నారు. లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున, అంటే 1000 పీపీఎం దగ్గర, నానో జింకుతో శుద్ధిచేసిన విత్తనాలు బాగా మొలిచాయి, మొక్కలు త్వరగా పూశాయి, ఆకుల్లో పత్రహరితం పెరిగింది. 2008-09, 2009-10 రబీల్లో పొలంలో ఆకుల మీద పిచికారీ చేసి చూశారు. చీలేటెడ్ జింక్ సల్ఫేట్‌కన్నా పదిహేను రెట్లు తక్కువ మోతాదుతోనే కాయల దిగుబడి 29.5 శాతం, 26.3 శాతం ఎక్కువ వచ్చింది.

అదే ప్రయోగంలో 2000 పీపీఎం దగ్గర మొక్క ఎదుగుదల దెబ్బతిన్నది. మేలు చేసిన మోతాదుకు అది సరిగ్గా రెట్టింపు. పురుగుమందైనా ఎరువైనా సీసా మీద రాసినదానికి ఇంకో మూత కలిపి కొట్టే అలవాటు మన పల్లెల్లో ఉంది. నానో ఎరువులు ఇప్పుడు దుకాణాల్లోకి వస్తున్నాయి. కొనేటప్పుడు రేణువు సైజు ఎంత, ఏ పంటకు ఎంత మోతాదు అని డీలరును అడగండి. చెప్పిన కొలతకు మించి ట్యాంకులో పోయకండి. పిచికారీ చేసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి.